నేనే దారి

నాగూరమ్మకి ఒకటే కోరిక. నల్లమల అంచున ఉన్న ఊళ్లన్నిటిలో తన పేరు వినపడాలి.

ఆ కోరికకి ఒకే ఒక్క మనిషి అడ్డం. ఆయన ఉస్తాద్.

ఆయన అసలు పేరు ఫకృద్దీన్. మార్కాపురంలో ఆ పేరుతో ఎవరూ పిలవరు. బస్టాండు రోడ్డులో ఉన్న చిన్న ఇంటర్నెట్ కంపెనీలో మెషీన్ల గది ఆయనది. అక్కడ పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఉస్తాద్ అనేవాళ్లు. వాళ్లని చూసి టీకొట్టువాడు అన్నాడు. తర్వాత ఊరంతా అనడం మొదలెట్టింది.

నాగూరమ్మది దోర్నాల. వాళ్ల నాయనమ్మ నాగూరు దర్గాకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. పాలిటెక్నిక్ అయ్యీ అవ్వగానే ఉస్తాద్ దగ్గర చేరింది. చేరిన మొదటి రోజే కిటికీలోంచి కొండల మీద మబ్బులు చూసి, ఇక్కడ్నించి కదలకూడదనుకుంది. ఆ కొండల అవతలి నుంచి ఎవరెవరి మాటలో తీగల మీద వచ్చి, ఈ గదిలో ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఎటో పోతున్నాయని ఆమెకి అనిపించేది. దూరంగా ఉన్న మొగుడికి భార్య పెట్టిన ముద్దు బొమ్మ, పరీక్ష తప్పిన పిల్లాడి అబద్ధం, అన్నీ. అవన్నీ తనని ముట్టుకుని పోవాలి. అంతే ఆమెకి కావలసింది.

తీగలు కలపడం నేర్చుకుంది. రౌటర్లకి ఆజ్ఞలు రాయడం నేర్చుకుంది. ఒక్క పెట్టె మీద మాత్రం ఉస్తాద్ ఆమెని చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

ఆ పెట్టెని గదిలో అందరూ అద్దం అంటారు.

అద్దం కథ ఇదీ. కంపెనీకి ఊరికో రౌటర్ ఉంది. ఎటు పోతే ఏం దొరుకుతుందో ఆ రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. కానీ వాటికో కట్టుబాటు. ఇంట్లో ఒకరి దగ్గర విన్నమాట అదే ఇంట్లో ఇంకొకరికి మళ్లీ చెప్పకూడదు. చెబితే మాట తిరిగి తిరిగి, మొదట ఎవరన్నారో తెలియకుండా పోతుంది. అందుకని ప్రతి రౌటరూ మిగతా ప్రతిదానితోనూ స్వయంగా మాట్లాడుకోవాలి. ఊళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లు జరిగింది. ఊళ్లు పెరిగేసరికి పెళ్లింట్లో అందరూ ఒక్కసారే మాట్లాడినట్టు అయింది.

అప్పుడు ఉస్తాద్ గదిలో మూలన ఒక చిన్న పెట్టె పెట్టారు. రూట్ రిఫ్లెక్టర్, విన్న దారుల్ని అలాగే తిప్పి చూపే అద్దం. అన్ని ఊళ్లూ దానికొక్కదానికే చెబుతాయి. అది అందరికీ చెబుతుంది. ఒకే చోటికి రెండు దారులు వినపడితే, మంచిదేదో చూసుకుని అదొక్కటే చెబుతుంది. ఇంట్లో విన్నది ఇంట్లో చెప్పే అనుమతి ఆ ఒక్క పెట్టెకే ఉంది.

కట్టుబాటు తప్పడానికి అనుమతి! ఆ మాట విన్నరోజే నాగూరమ్మ ఆ పెట్టెని ప్రేమించింది. దాని మీద మిణుకు మిణుకుమనే పచ్చదీపం తనకే కన్ను కొడుతోందనుకుంది.

"ఉస్తాద్, అద్దం మీద నన్నెప్పుడు కూర్చోనిస్తారు?"

"కూర్చోవడానికి అది కుర్చీ కాదు కదా."

"మాట తిప్పకండి. అన్నీ నేర్పారు, అదొక్కటే దాస్తున్నారు."

"గది మధ్యలో పెట్టింది దాచడం ఎట్లా అవుద్ది?"

"మూలన పెట్టారు."

"సరే, మూలన పెట్టాను."

నాగూరమ్మకి ఒళ్లు మండింది. "కట్టుబాటు తప్పొచ్చని దానికి ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఒక ఇనప డబ్బాకి అనుమతి ఇచ్చారు. నాకెందుకివ్వరు?"

"అది ఏమీ కలపదు, బేటా."

"నేను కలుపుతానా?"

ఉస్తాద్ ఆమె తెచ్చిచ్చిన టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టారు.

"చక్కెర వద్దన్నాను."

"మరీ కషాయంలా ఉంటుందని నేనే కొంచెం వేశాను."

ఉస్తాద్ గ్లాసు ఆమె వైపు జరిపారు.

ఆయనకి ఇంకో అలవాటుంది. ఎవరు ఏం చెప్పమన్నా, ముందు ఆ మనిషి పేరు చెప్పి తర్వాత మాట చెబుతారు. "ఇది కరెంటు ఆఫీసువాళ్ల మాట: మధ్యాహ్నం కోత ఉంటుంది." "ఇది టీకొట్టు బాషా మాట: పాలు విరిగినయ్." నాగూరమ్మ వెనక నుంచి ఆ గొంతు అనుకరించేది. "ఇది దోమ మాట: నిన్ను కుడతాను."

ఒకసారి ఉండబట్టలేక అడిగింది కూడా. ఆయన నవ్వారు. చిన్నప్పుడు ఈద్గాలో మైకు లేని రోజుల్లో ఆయన మధ్య వరసలో నిలబడేవారట. ముందు ఇమాం అన్నమాట వెనక వరసలకి వినపడదు. అందుకని అదే మాట ఈయన గట్టిగా మళ్లీ అనేవారట.

"నా గొంతు బాగుండేది. వెనకవాళ్లు మెచ్చుకునేవాళ్లు."

"మరి మీకు గర్వంగా ఉండేదా?"

"గొంతు నాది. మాట నాది కాదు కదా."

నాగూరమ్మకి ఆ జవాబు నచ్చలేదు. అంత మంచి గొంతు పెట్టుకుని ఒక్కసారైనా సొంత మాట అనాలనిపించకపోతే ఆ గొంతెందుకు, అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ జుమ్మా నమాజుకి వెళ్లారు. గదిలో ఫ్యాన్ల చప్పుడు. కిటికీ అవతల ఎండ. మూలన పచ్చదీపం.

నాగూరమ్మ వెళ్లి అద్దం ముందు కూర్చుంది.

ఆమెకి చాలా రోజులుగా ఒక లైను మీద మనసు. ఎటు పోవాలని ఎవరడిగినా 'ముందు నా దగ్గరికి రండి' అని రౌటర్‌తో చెప్పించే లైను. నెక్స్ట్ హాప్ సెల్ఫ్ అంటారు దాన్ని. ఆ గదిలో మాత్రం దానికి 'నేనే దారి' అని పేరు. ఊరి చివర ఉండే రౌటర్లకి ఆ లైను అవసరమే. బయటి నుంచి వచ్చేవాళ్లకి వాకిలి అవే కాబట్టి. అద్దానికి ఎవరూ రాయరు.

ఎందుకు రాయకూడదు? అన్నిటికీ తెలిసిన పెట్టె అన్నిటికీ దారి ఎందుకు కాకూడదు?

రాసింది. అద్దం వినలేదు. ఊళ్ల మాటలు ఎప్పట్లాగే ఉన్నవి ఉన్నట్టు చెబుతూ కూర్చుంది. నాగూరమ్మ పుస్తకాల్లో వెతికింది. మామూలుగా చెబితే అద్దం ఈ లైను వినదట. బలవంతం చేసే మాట ఇంకొకటి కలపాలి.

కలిపింది.

ఊళ్ల మధ్య రాకపోకలు చూపించే గోడ మీది తెరలో గీతలు ఒక్కసారి లేచాయి. దోర్నాల గీత, ఎర్రగొండపాలెం గీత, త్రిపురాంతకం గీత, అన్నీ మార్కాపురం వైపు వంగి, కొండవాగులన్నీ ఒక చోట కలిసినట్టు కలిశాయి. నాగూరమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఇప్పుడు ప్రతి మాటా తనని ముట్టుకుని పోతోంది. ప్రతి ఒక్కటీ.

ఉస్తాద్ టోపీ జేబులో పెట్టుకుంటూ వచ్చారు. తెర చూశారు. వంగి లైను చదివారు.

"బలవంతపు మాట కూడా కలిపావా?"

"కలిపాను. లేకపోతే వినట్లేదు."

"వినలేదని నీకు తెలిసింది కదా?"

"తెలిసింది. అందుకే కలిపాను."

ఉస్తాద్ తన కుర్చీలో కూర్చున్నారు.

"తీసెయ్యమంటారా?" అంది నాగూరమ్మ, తియ్యమంటే పోట్లాడ్డానికి సిద్ధంగా.

"నేనన్నానా?"

"అన్నా తియ్యను."

"సరే."

ఆ సరే కంటే ఆయన అరిచి ఉంటే బాగుండేది.

సాయంత్రం కంపెనీ యజమాని చెంచురామయ్య వచ్చాడు. ఆయనకి రౌటర్ల సంగతి తెలియదు కానీ తెర మీద గీతలు చూడటం ఇష్టం. వాళ్ల నాన్న కాలంలో సంతకి పోయే బండ్లన్నీ వాళ్లింటి ముందు నుంచే పోయేవట. ఎవరు ఏం తోలుకుపోతున్నారో అరుగు మీద కూర్చుని చూసేవారట. వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పకుండా వదలడు.

తెర చూసి ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"ఇదేంది? అన్నీ మన దగ్గరికే వస్తున్నాయే!"

"అవును సార్."

"దోర్నాలవాడు పక్కనున్న ఎర్రగొండపాలెం పోవాలన్నా మన అరుగు ముందు నుంచేనా?"

"అవును సార్."

"ఎవరు చేశారు ఇది?"

"నేనే సార్."

చెంచురామయ్య ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఉస్తాద్ ఇన్నేళ్లనుంచీ ఉండి, ఇది చెయ్యలేకపోయాడు చూడు. ఏమ్మాయ్, నీ పేరేంది? నాగూరమ్మ కదూ? శభాష్. సోమవారం నుంచి ఈ గది నీది. ఆయన పెద్దవాడయ్యాడు, పాపం, కాస్త కూర్చోనీ."

ఉస్తాద్ అక్కడే ఉన్నారు. నాగూరమ్మ ఆయన వైపు చూడకుండా తెర వైపే చూసింది. గీతలు అందంగా ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేం. కానీ ఇంటికి పోతూ దారి పొడుగునా ఆమెకి గీతలు గుర్తు రాలేదు. తను జరిపించబోతున్న కుర్చీ గుర్తొచ్చింది.

శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి ఉస్తాద్ ఆ కుర్చీ తీసి గుమ్మంలో వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ఇదేంటి, ఇక్కడ?"

"సోమవారం నుంచి గది నీది కదా. నేను గుమ్మానికి అలవాటు పడుతున్నా."

నాగూరమ్మ ముఖం తిప్పుకుని లోపలికి పోయింది.

బస్టాండు పక్క రోడ్డు కాబట్టి, దారి అడిగేవాళ్లకి కొదవ లేదు. ముందుగా సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకున్న ఒక ముసలావిడ ఆగింది.

"సాయిబు గారూ, మార్కెట్టుకి ఎటు నాయనా?"

మార్కెట్టు ఎదురుగానే ఉంది. వేలు చూపిస్తే చాలు.

ఉస్తాద్ లేచి నిలబడ్డారు. "ఇటు రామ్మా. లోపలికి."

ముసలావిడ గుమ్మం కింద గంప వంచి లోపలికొచ్చింది. ఉస్తాద్ ఆమెని రౌటర్ల బీరువాకీ నాగూరమ్మ కుర్చీకీ మధ్య నుంచి తీసుకెళ్లి, వెనక తలుపు తీశారు. "ఈ సందులోంచి చుట్టూ తిరుగమ్మా. తిరిగితే మళ్లీ మా గుమ్మం ముందుకే వస్తావు. అక్కడ్నించి ఎదురుగా మార్కెట్టు."

"అదేంది నాయనా?"

"అదే దారమ్మా."

తర్వాత పలకల గోడౌనుకి దారి అడిగిన కూలీ వచ్చాడు, పలకల కట్ట భుజాన వేసుకుని. "ఇటు రా నాయనా." తర్వాత పెద్దాసుపత్రి అడిగిన కొత్త జంట, పెళ్లికూతురి చేతిలో సూట్‌కేసు. "ఇటు రండి." తర్వాత మేకపిల్లని చంకన పెట్టుకున్న ఒకాయన. ఆయన అసలు దారే అడగలేదు. టైమెంతయిందని అడిగాడు. ఆయన్ని కూడా రమ్మన్నారు.

నాగూరమ్మ మొదట నవ్వుకుంది. తర్వాత కుర్చీ ముందుకి జరిపింది. తర్వాత కాళ్లు పైకి పెట్టుకుంది. చుట్టూ తిరిగొచ్చిన ముసలావిడకి అనుమానం వచ్చి మళ్లీ దారి అడిగింది. మళ్లీ లోపలికే రమ్మన్నారు. ఈసారి గంపా సూట్‌కేసూ ఎదురుపడ్డాయి. ఇది వెనక్కి పోలేదు, అది ముందుకి రాలేదు. పలకల కట్ట బీరువాకి తగిలింది. మేకపిల్ల పచ్చ తీగ వాసన చూడటం మొదలెట్టింది.

"ఆ తీగ! ఆ తీగ నమలనీకండి!" నాగూరమ్మ లేచి మేకని పట్టుకుంది. "ఉస్తాద్! ఏంటిదంతా? మార్కెట్టు ఎదురుగా కనపడుతోంది. ఆసుపత్రి బోర్డు ఇక్కడికి కనపడుతోంది. ఇట్లా అని చూపిస్తే పోతారు కదా! గదిలోంచి ఎందుకు తిప్పుతున్నారు?"

ఉస్తాద్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"చూపిస్తే పోతారు. నా ముఖం కూడా చూడకుండా పోతారు. మరి నా పేరు ఎవరికి తెలుస్తుంది?"

"నీ పేరు నాకెందుకయ్యా!" అంది ముసలావిడ గంప కింద నుంచి. "నాకు మార్కెట్టు కావాలి!"

అందరూ నవ్వారు. మేక యజమాని అందరికంటే గట్టిగా నవ్వాడు.

నాగూరమ్మ నవ్వలేదు. మేకపిల్ల ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. ఆమె గోడ మీద తెర వైపు చూసింది. గీతలన్నీ ఒక్క చోటికి వచ్చి కూరుకుపోయి ఉన్నాయి. వాటి కింద, మూలన, మాట్లాడటానికే తప్ప మోయడానికి పుట్టని చిన్న పెట్టె ఉంది. దాని పచ్చదీపం మిణుకుమనడం మానేసి, ఊపిరి బిగబట్టినట్టు ఒకేలా వెలుగుతోంది.

అప్పుడే ఫోను మోగింది. దోర్నాల నుంచి వీరభద్రం. అక్కడ నెట్ సెంటరు ఆయనదే, ఆ ఊరి రౌటర్‌నీ ఆయనే చూసుకుంటాడు.

"నాగూరమ్మా, ఏం చేశారే మీరు? పొద్దున కాస్త నడిచింది, ఇప్పుడు పేజీ తిరగడమే తప్ప తెరుచుకోవడం లేదు. ఇయ్యాళ డిగ్రీ సీట్లకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. బెంచీలు చాలక పిల్లలు మెట్ల మీద కూచున్నారు. గూడేల నుంచి పొద్దున్నే నడిచొచ్చినవాళ్లున్నారు. సాయంత్రానికి పెట్టకపోతే సీటు పోయినట్టే."

ఆ బెంచీ నాగూరమ్మకి తెలుసు. ఎడమ చివర కాలు కొంచెం ఊగుతుంది. పాలిటెక్నిక్ సీటు కోసం ఆమె కూర్చుంది ఆ చివరే. తెర మీద తన కాలేజీ పేరు కనపడినప్పుడు వీరభద్రం బాబాయి నెత్తి మీద మొట్టి "పో, పోయి పెద్ద ఇంజనీరువి కా" అన్నాడు.

మేకపిల్లని దాని యజమానికిచ్చి ఆమె అద్దం ముందు కూర్చుంది.

"ఆగు."

చెంచురామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గదిలో జనాన్ని చూశాడు, గంపని చూశాడు, మేకని చూశాడు. "ఇదేం సంత? ఏం చేస్తున్నావ్ అమ్మాయ్?"

"లైను తీసేస్తున్నా సార్. దోర్నాలలో పిల్లలకి పేజీలు తెరుచుకోవట్లేదు."

"తెరుచుకుంటాయిలే, కాసేపు ఆగుతారు. ఇంకో పెద్ద పెట్టె తెప్పిద్దాం. లైను మాత్రం తియ్యకు. మన అరుగు ముందు నుంచి పోయేవాళ్లు అరుగు ముందు నుంచే పోవాలి."

"పెద్ద పెట్టె వచ్చేదాకా వాళ్ల సీట్లు ఆగవు సార్."

"చెప్పేది నీక్కాదా? ఆ లైను తీసావంటే సోమవారం ఈ గది నీది కాదు."

నాగూరమ్మ చుట్టూ చూసింది. "ఇప్పుడు మాత్రం ఈ గదిలో నాకు చోటెక్కడుంది సార్?"

కొత్త పెళ్లికూతురు కిసుక్కుమంది.

నాగూరమ్మ ముందు బలవంతపు మాట చెరిపింది. తర్వాత లైను చెరిపింది. తెర మీద గీతలు ఒకటొకటిగా విడిపోయి, ఎవరి దారిన అవి పోయాయి. మార్కాపురం గీత కిందికి, కిందికి దిగి, ఎవరూ పట్టించుకోనంత సన్నగా అయిపోయింది. మూలన పచ్చదీపం మళ్లీ మిణుకుమంది.

ఫోనులోంచి వీరభద్రం కేక గదంతా వినపడింది. "తెరుచుకుంది! ఒరేయ్, తెరుచుకుందిరా, ముందు మెట్ల మీద ఉన్నవాళ్లని రానీయండి!"

చెంచురామయ్య ముఖం ఎర్రబడింది. ఆమెని కాదు, ఉస్తాద్‌ని చూశాడు. "తియ్యమని ఎవరు చెప్పారు ఈ పిల్లకి?"

"ఎవరూ చెప్పలేదు సార్," అంది నాగూరమ్మ. "పెట్టమని కూడా ఎవరూ చెప్పలేదు. పెట్టింది నేను, తీసింది నేను."

"నువ్వు తియ్యడానికి ఇది నీ ఇల్లా?"

"మీ ఇల్లే సార్. అయినా సరే. దారి అడిగినవాళ్లకి దారి చూపిస్తాం. మా గదిలోంచి పొమ్మనం."

"రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు!"

"రేపు ఆదివారం సార్. సోమవారం వస్తాను."

చెంచురామయ్య ఉస్తాద్ వైపు తిరిగాడు.

"ఉస్తాద్, ఇక్కడ పెద్దవారు మీరు. ఊళ్లన్నీ మీ గొంతు నమ్ముతాయి. అందరూ వినే ఆ ఫోను తీసి చెప్పండి. ఈ పిల్ల తెలియక చేసింది, సాయంత్రం నుంచి మళ్లీ అందరూ మార్కాపురం మీదుగానే పోవాలి, అదే నా మాట అని చెప్పండి."

ఉస్తాద్ గుమ్మంలోంచి లేచారు. గంపని తప్పించుకుని, సూట్‌కేసుని దాటి, బల్ల దగ్గరికి వచ్చారు. అన్ని ఊళ్లకీ ఒకేసారి పోయే ఫోను తీశారు. అవతల ఊరి తర్వాత ఊరు "ఉస్తాద్, వింటున్నాం" అంది.

"మార్కాపురం నుంచి," అన్నారు ఉస్తాద్. ఎప్పుడో ఈద్గాలో మెచ్చుకున్న గొంతు అదే అయి ఉండాలి. "ఇది నాగూరమ్మ మాట: దారి అడిగినవాళ్లకి దారి చూపిస్తాం. మా గదిలోంచి పొమ్మనం."

గదిలో ఎవరూ కదల్లేదు. మేకపిల్ల కూడా.

"నా మాట చెప్పలేదేం?" అన్నాడు చెంచురామయ్య.

"రెండు దారులు వచ్చాయి సార్," అన్నారు ఉస్తాద్. "అద్దానికి ఒక్కటే చెప్పే అలవాటు."

"ఏ ఒక్కటి?"

"మంచిది."

"మిమ్మల్ని కూడా తీసేస్తాను."

"తీసెయ్యండి. కుర్చీ ఎట్లాగూ గుమ్మం దాకా వచ్చేసింది."

ఫోనులోంచి త్రిపురాంతకం అడిగింది, సరిగా వినపడలేదు, ఎవరి మాట అన్నారూ అని.

"నాగూరమ్మ మాట," అన్నారు ఉస్తాద్.

ఇంకో ఊరు అడిగింది. "నాగూరమ్మ మాట," అన్నారు. దోర్నాలలో వీరభద్రం ఎవరికో చెబుతున్నాడు, "మన నాగూరమ్మేరా, మన బెంచీ నాగూరమ్మ." ఆ వెనక పిల్లల గోల. చెంచురామయ్య జనాన్ని తోసుకుంటూ వెనక తలుపులోంచి సందులోకి వెళ్లిపోయాడు.

నాగూరమ్మ ఇవేవీ వినలేదు. ఆమె అప్పటికే గుమ్మంలోకి వెళ్లి, ఉస్తాద్ కుర్చీ పక్కన నిలబడి ఉంది.

గంప ముసలావిడ ఎలాగో బయటపడి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ రోడ్డు మీద నిలబడింది.

"అమ్మా, నువ్వయినా చెప్పు తల్లీ. మార్కెట్టు ఎటు?"

నాగూరమ్మ చెయ్యి చాపి చూపించింది.

ముసలావిడ ఆ వేలు చూసింది. వేలు చూపించిన వైపు చూసింది. గంప సర్దుకుని, నాగూరమ్మ ముఖం వైపు ఒక్కసారైనా చూడకుండా, నడిచి వెళ్లిపోయింది.